బుర్ర లేదన్న మాట



మన ఇళ్ళల్లో, బళ్ళల్లో, కొట్ల దగ్గర, ఆఫీసుల్లో పొద్దున లేచింది మొదలు వినిపించే తిట్లలో చాలా భాగం బుర్ర చుట్టూ తిరిగేవే. మొద్దు, శుంఠ, దద్దమ్మ, వాజమ్మ, బడుద్ధాయి, మట్టిబుర్ర, తింగరోడు. తెలంగాణలో అయితే ఎడ్డోడు, సోయి లేనోడు. కుర్రకారు చేర్చినవి ట్యూబ్‌లైట్, లూజు, మెంటల్. అనేవాళ్ళకు ఇవి తిట్లని కూడా అనిపించవు. అమ్మనో కులాన్నో లాగి తిడితే కొట్లాట అవుతుంది. ‘నీకసలు బుర్ర ఉందా?’ అంటే మాత్రం ఎవరూ పంచాయితీ పెట్టరు. అందుకే ఈ మాటలు అంత ధారాళంగా నోటికొస్తాయి.

ఇవి నిజంగా తప్పు మాటలేనా, లేక మనమే మరీ సున్నితమైపోయామా? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది దీని గురించి. నేను ఒక మండల కేంద్రంలో, భవిత కేంద్రంలో పిల్లలకు చదువు చెబుతాను. తెలియనివారి కోసం చెబుతున్నాను, భవిత కేంద్రమంటే సమగ్ర శిక్షా పథకం కింద వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిచే చిన్న బడి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మేధో వైకల్యం ఉన్న పిల్లలు. బుద్ధిమాంద్యం అని మనకు అలవాటైన మాట. రోజంతా ఆ పిల్లల మధ్య ఉంటాను కాబట్టి, బజార్లో ఎవరో ఎవరినో విసురుగా అనే ఈ మాటలు నా చెవిన పడకుండా పోవు.

ముందు ఒక సంగతి తేల్చేసుకుందాం. మనవడు వానలో తడిసి వస్తే ‘వెర్రినాయనా, జలుబు చెయ్యదూ?’ అంటూ కొంగుతో తల తుడిచే నాయనమ్మ మాటలో తిట్టు లేదు. పిచ్చితల్లి, పిచ్చిమొహం, వెర్రినాగన్న, ఇవన్నీ మన భాషలో ముద్దుమాటలు. అలాగే పక్కపక్కన నిలబడి టీ తాగే ఇద్దరు స్నేహితుల్లో ఒకడు ‘ఒరే మొద్దూ’ అంటే, రెండోవాడు అంతకు రెండింతలు తిరిగి అనగలడు. అక్కడితో లెక్క సరిపోతుంది. వీటి జోలికి నేను వెళ్ళను. వెళ్ళాలని ఎవరైనా అంటే ఒప్పుకోను కూడా. నా బాధంతా తిరిగి అనలేనివాళ్ళ గురించి. టీచరు ముందు నిలబడ్డ పిల్లవాడు, అయ్యగారి ముందు నిలబడ్డ పనిమనిషి, అత్తవారింట్లో కొత్తకోడలు, మేనేజరు ముందు నిలబడ్డ కుర్ర ఉద్యోగి. ఆ స్థితిలో ఉన్నవాళ్ళ మీద పడ్డ మాట తిరిగి వెళ్ళే దారి లేక వాళ్ళలోనే ఉండిపోతుంది.

ఒక తరగతి గదిలోకి వెళ్దాం. మూడో తరగతి. బోర్డు మీద 52 లోంచి 27 తీసెయ్యమని లెక్క. పిల్లవాడు లేచి వచ్చి, సుద్దముక్క పట్టుకుని 35 అని రాస్తాడు. క్లాసంతా గొల్లుమంటుంది. ‘మట్టిబుర్ర! నువ్వు గొర్రెలు కాసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు, పో’ అంటుంది టీచరు. ఈ లెక్క దగ్గర ఈ దృశ్యం నేను ఏదో ఒక్క బడిలో చూసింది కాదు.

ఆ 35 ఎక్కణ్ణుంచి వచ్చిందో కొంచెం ఓపికగా చూడండి. ఒకట్ల స్థానంలో పైన 2, కింద 7 ఉన్నాయి. రెండులోంచి ఏడు పోదు. కిందటి తరగతిలో వాడికి ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తియ్యాలని చెప్పారు. వాడు ఆ మాట మరిచిపోలేదు. ఏడులోంచి రెండు తీశాడు, ఐదు వచ్చింది. పక్కన ఐదులోంచి రెండు తీశాడు, మూడు వచ్చింది. ముప్ఫై ఐదు. తనకు తెలిసిన ఒక నియమాన్ని పట్టుకుని, ఎక్కడా తప్పకుండా చివరిదాకా నడిచాడు. జవాబు తప్పే, ఆలోచన మాత్రం తీరుగా ఉంది. పక్క స్థానం నుంచి పది అప్పు తెచ్చుకోవాలన్న ఒక్క మెట్టు వాడికి అందలేదు. పదేసి పుల్లలు కట్టలు కట్టి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ చేతికిచ్చి, ‘ఇందులోంచి ఏడు నాకివ్వు’ అంటే, రెండు పుల్లలిచ్చి కాసేపు ఆలోచిస్తాడు. తర్వాత తనే ఒక కట్ట విప్పుతాడు. విప్పిన క్షణాన వాడి మొహం చూడాలి.

ఆ టీచరు ‘ఎలా చేశావు నాన్నా?’ అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఇదంతా నిమిషంలో బయటపడేది. మట్టిబుర్ర అనేశాక ఇక అడగడానికి ఏముంటుంది? కారణం దొరికిపోయింది కదా! బుర్ర గురించిన తిట్టులో నాకు కనబడే పెద్ద దోషం ఇదే. పడ్డవాడి మనసు నొచ్చుకోవడం ఒక ఎత్తు. అన్నవాళ్ళు ఇక చూడడం మానేయడం ఇంకో ఎత్తు. వాడికి ఏది వచ్చు, ఏది రాదు, ఎక్కడ ఆగాడు అన్న వెతుకులాట ఆ మాటతో ఆగిపోతుంది.

ఇక ఆ గొర్రెల సంగతి. ఆ పిల్లవాడి తండ్రి నిజంగానే గొర్రెలు కాసేవాడైతే? మన ప్రభుత్వ బళ్ళలో అలాంటి పిల్లలు ఎందరో ఉన్నారు. వంద జీవాల మందలో ఏ పిల్ల ఏ గొర్రెదో చూడగానే చెప్పగలవాడు ఆ తండ్రి. తొలకరికి మొలిచిన లేతపచ్చిక మీద మందను ఆబగా మేయనిస్తే చిటుకు రోగం వస్తుందని ఆయనకు తెలుసు. లేత జొన్న పైరు మేస్తే జీవం ప్రాణం పోతుందని తెలుసు. ఎండాకాలం నీళ్ళ కోసం ఏ ఊళ్ళ మీదుగా వలస వెళ్ళాలో, ఎవరి చేలో మంద కట్టుకోనిస్తారో తెలుసు. ఇంత తెలిసిన మనిషి పనిని, ఏమీ తెలియనివాడు చేసే పనిగా ఆ క్లాసులో ముప్ఫై మంది ముందు ప్రకటించేశారు. కొడుకు ఆ సాయంత్రం ఇంటికెళ్ళి తండ్రి మొహం ఎలా చూస్తాడు?

ఈ కోవలోవి మనకు ఇంకా చాలా ఉన్నాయి. ఊరి నుంచి వచ్చినవాణ్ణి ‘ఎర్రబస్సు ఎక్కి వచ్చావా?’ అంటాం. ‘ఆడవాళ్ళకేం తెలుసు, నువ్వూరుకో’ అంటాం. తెలంగాణ యాసనీ, ఉత్తరాంధ్ర యాసనీ మన సినిమాలు చాలా ఏళ్ళపాటు పనివాళ్ళ పాత్రలకూ, నవ్వించే పాత్రలకూ అంటగట్టాయి. ఏ మాట వెనక్కి వెళ్ళి చూసినా, తెలివి లేదన్న తిట్టు తిన్నగా తెలివి దగ్గరికి పోదు. ఎవరిని తక్కువగా చూడడం మనకు ముందే అలవాటో వాళ్ళ దగ్గరికే పోతుంది.

ఆ చూపు పిల్లల బుర్ర మీద ఏం చేస్తుందో తెలిపే ప్రయోగం ఒకటి మన దేశంలోనే జరిగింది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల్ని కూర్చోబెట్టి, కాగితం మీద గీసిన చిక్కుదారుల్లోంచి బయటపడే దారి కనుక్కోమన్నారు. కనుక్కున్నదానికి ఇంత అని డబ్బులిచ్చారు. ఎవరి కులం ఏమిటో బయటపెట్టనప్పుడు, అగ్రకులాల పిల్లలూ అణగారిన కులాల పిల్లలూ ఒకేలా చేశారు. తర్వాత వేరే బృందాల్లో, మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, కులం అందరి ముందూ పైకి చదివారు. అంతే. కింది కులాల పిల్లలు విప్పిన చిక్కుదారుల సంఖ్య పడిపోయింది. ఎవరూ ఎవర్నీ మొద్దు అనలేదు. ‘వీళ్ళు మనల్ని ఏమనుకుంటారో’ అన్న ఊహ ఒక్కటి చాలింది. ఊహకే ఇంత బలం ఉంటే, పదేళ్ళపాటు రోజూ చెవిలో పడే మాటకు ఎంత ఉంటుంది? ఈ పరిశోధన 2006లో అచ్చయింది. మన బి.ఎడ్. తరగతుల్లో ప్రతి ఏటా చెప్పాల్సిన పాఠం ఇది.

తిట్టే నోళ్ళకు మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయన్నది ఇంకో కథ. ఇంగ్లీషు నుంచి మనం తెచ్చుకుని రోజూ వాడే ‘ఇడియట్’ను తీసుకోండి. ఒకప్పుడు అది డాక్టర్లు కాగితాల మీద రాసిన మాట. 1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం చదువులో వెనకబడుతున్న పిల్లల్ని గుర్తించే పద్ధతి కోసం ఒక సంఘం వేసింది. అందులో ఉన్న ఆల్ఫ్రెడ్ బినే, తన సహచరుడు సిమోన్‌తో కలిసి 1905లో మొదటి తెలివి పరీక్ష తయారుచేశాడు. ఆయన ఉద్దేశం మంచిది. ఏ పిల్లవాడికి ఎక్కువ సాయం కావాలో తెలుసుకోవాలన్నది ఆయన తపన. తెలివి పుట్టుకతో గీసేసిన గీత కాదనీ, శిక్షణతో పెరుగుతుందనీ ఆయన గట్టిగా వాదించాడు. 1911లో చనిపోయాడు. అప్పటికే ఆ పరీక్ష అమెరికా చేరింది. న్యూజెర్సీలో వైన్‌ల్యాండ్ అనే చోట ఇలాంటి పిల్లల బడిలో పరిశోధకుడిగా ఉన్న హెన్రీ గొడార్డ్ దాన్ని చేతిలోకి తీసుకుని, మనుషుల్ని మెట్లుగా పేర్చాడు. రెండేళ్ళ పిల్లల స్థాయి బుద్ధి దాటనివాళ్ళు ఇడియట్లు. మూడు నుంచి ఏడేళ్ళ స్థాయివాళ్ళు ఇంబెసిల్స్. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ స్థాయివాళ్ళ కోసం 1910లో ఆయనే గ్రీకు లోంచి ఒక కొత్త పేరు అల్లాడు, మోరాన్. చూడ్డానికి మామూలుగా ఉండే ఈ మూడో రకం వాళ్ళతోనే దేశానికి ప్రమాదమని, వాళ్ళు పిల్లల్ని కనకూడదని ఆయన ప్రచారం చేశాడు.

ఆ ప్రచారం ఎక్కడికి దారితీసిందో ఒక అమ్మాయి బతుకులో చూడొచ్చు. వర్జీనియా రాష్ట్రంలో క్యారీ బక్ అనే పేదింటి పిల్ల. వేరే కుటుంబంలో పెరిగింది. ఆరో తరగతి దాకా బాగానే చదివింది, తర్వాత ఇంటిపని కోసం బడి మాన్పించారు. ఆ ఇంటివాళ్ళ బంధువు ఆమె మీద అత్యాచారం చేశాడు. గర్భం వచ్చింది. పరువు పోతుందని, బుద్ధి తక్కువ పిల్ల అని ముద్ర వేయించి 1924లో ఒక ఆశ్రమానికి పంపేశారు. ఆమె తల్లి అంతకుముందే అక్కడ ఉంది. తల్లి బుద్ధి తక్కువది, కూతురు బుద్ధి తక్కువది. ఇక మనవరాలు కూడా అంతేనని తేలితే, ఇది వంశంలో ఉన్నదేనని చూపి, క్యారీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యడానికి ఆ రాష్ట్రపు కొత్త చట్టం దారి ఇస్తుంది. మనవరాలి పేరు వివియన్. కోర్టులో సాక్ష్యానికి వచ్చిన సంక్షేమ ఉద్యోగిని ఆ పసిబిడ్డను చూశానని, చూపులో ఏదో తేడాగా ఉందని చెప్పింది. అప్పటికి ఆ బిడ్డకు ఏడాది కూడా నిండలేదు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1927లో ఎనిమిది మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్కరు ఇంకోవైపు. ఆలివర్ వెండెల్ హోమ్స్ తీర్పు రాస్తూ, ఇలాంటివాళ్ళు మూడు తరాలు చాలన్నాడు. ఆ ఏడాది అక్టోబరులో క్యారీకి ఆపరేషన్ చేసేశారు.

వివియన్ బడికి వెళ్ళింది. మామూలు బడికే. దశాబ్దాల తర్వాత ఆ బడి రికార్డులు తీసి చూస్తే ఏముంది? 1931లో ఆ పిల్ల పేరు బాగా చదివేవాళ్ళ జాబితాలో ఉంది. మరుసటి ఏడాది ఎనిమిదేళ్ళ వయసులో జబ్బు చేసి పోయింది. ఆమె గురించి దేశ అత్యున్నత న్యాయస్థానం అన్న మాట మాత్రం తీర్పు పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. అలాంటి చట్టాల కింద అమెరికాలో అరవై వేలకు పైగా మనుషులకు ఇలాంటి ఆపరేషన్లు జరిగాయి. క్యారీ 1983 దాకా బతికింది. వర్జీనియా గవర్నరు ఆ పాత చట్టానికి క్షమాపణ చెప్పింది 2002లో.

ఇక్కడ కూడా జరిగింది అదే. ఏడాది నిండని బిడ్డ మీద ఒక మాట వేశారు, ఆ తర్వాత చూడడం మానేశారు. బోర్డు దగ్గర ఉన్న మన పిల్లవాడి విషయంలో జరిగేది దీనికి చిన్న రూపం. పరిమాణంలో తేడా చాలా ఉంది, ఒప్పుకుంటాను. పద్ధతిలో తేడా నాకు కనబడదు.

పాత మాటలు తిట్లయిపోయాయని డాక్టర్లు వాటిని వదిలేసి ‘మెంటల్ రిటార్డేషన్’ అనడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు అదీ తిట్టయింది. అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్న రోజా అనే చిన్నారి కుటుంబం పట్టుబడితే, 2010లో ఆ పిల్ల పేరు మీదే చట్టం తెచ్చి ప్రభుత్వ కాగితాల్లోంచి ఆ మాట తీసేశారు. మన దగ్గరా ఇదే నడక. సికింద్రాబాద్‌లో, బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన జాతీయ సంస్థ పేరు అప్పట్లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ. దేశమంతటా మాలాంటి టీచర్లకు పాఠాలు తయారుచేసిన సంస్థ అది. ఇప్పుడు దాని పేరులో మేధో వైకల్యం, సాధికారత అన్న మాటలున్నాయి. 1995 నాటి వికలాంగుల చట్టం వైకల్యాల జాబితాలో ఉన్న పాత మాట స్థానంలో, 2016 నాటి కొత్త చట్టం జాబితాలో మేధో వైకల్యం అని ఉంది. 2011 జనాభా లెక్కల పట్టికలో మాత్రం ఆ పాత పేరు కిందే, దేశంలో పదిహేను లక్షల మందికి పైగా ఉన్నారని రాశారు.

పేరు మారడం మంచిదే. కాగితం మీద గౌరవంగా రాస్తే, ఆ కాగితం చేతిలో పట్టుకుని క్యూలో నిలబడే తల్లికి అదొక ఊరట. పేరు మారితే సరిపోతుందని మాత్రం నేను నమ్మను. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపులో ఆ పాత మాటకు పొడి అక్షరాలు రెండు రాసేవారు, ఎం.ఆర్. అని. ఆ రెండక్షరాలు ఆస్పత్రి గోడలు దాటి, బళ్ళలోకొచ్చి, కాలేజీ కుర్రాళ్ళ నోట్లో పడ్డాయి. ‘స్పెషల్ చైల్డ్’ అన్న మర్యాదమాటను కూడా ఇప్పుడు పిల్లలు కళ్ళెగరేసి ఒక విధంగా పలుకుతుంటే వింటున్నాను. తక్కువచూపు మారకపోతే అది ఎంత మంచి మాటలోకైనా కాపురానికి వచ్చేస్తుంది.

మా కేంద్రానికి వచ్చే ఒక తల్లి చెప్పిన సంగతి మీకు చెప్పాలి. పన్నెండేళ్ళ కొడుకుతో ఆర్టీసీ బస్సులో వస్తోంది. వాడికి బస్సంటే ప్రాణం. కదిలితే చాలు, ముందు సీటు కమ్మీ పట్టుకుని, ఇంజను చప్పుడుకు తగ్గట్టు గొంతులోంచి ఒక పాటలాంటి రాగం తీస్తాడు. వెనక సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు దేనికో వాదించుకుంటున్నారు. ఒకడు రెండోవాణ్ణి, ‘ఎం.ఆర్. గాడిలెక్క మాట్లాడకురా’ అన్నాడు. అని నవ్వాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె కొడుకు నోటి మీద చెయ్యి పెట్టి, రాగం ఆపించి, కిటికీ వైపు జరిపి కూర్చోబెట్టింది.

‘ఆ పొరగాళ్ళు మా వాణ్ణి అనలేదు మేడం. మా దిక్కు చూడను కూడ చూడలేదు. వాళ్ళల్ల వాళ్ళు అనుకున్నరు, గంతే. గనీ ఆ మాట మావోడి కాయితం మీద డాక్టరు రాసిన మాటనే గద మేడం’ అంది.

మాటల దెబ్బ గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ ఇద్దర్నే లెక్కేస్తాం. అన్నవాడు, పడ్డవాడు. వాళ్ళిద్దరికీ పట్టింపు లేకపోతే మధ్యలో మీకేమిటి నొప్పి అంటాం. ఆ బస్సులో మూడో మనిషి ఉంది. ఎవరి బతుకును తీసుకుని మనం తిట్టుగా వాడామో ఆ మనిషి. మెంటల్ అన్నా, స్పాస్టిక్ అన్నా అంతే. హైదరాబాద్‌లో ‘వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి’ అన్నా, విశాఖలో ‘చినవాల్తేరు కేసు’ అన్నా అంతే. ఆ రెండు చోట్లా ఉన్నవి ప్రభుత్వ మానసిక వైద్యశాలలు. దిగులు జబ్బుతో, భ్రమలతో అల్లాడే మనుషులకు మందూ మాటా దొరికే చోట్లు. ఆ ఊరిపేర్లను నవ్వులాటకు వాడీ వాడీ, అవసరం వచ్చిన రోజున అక్కడి ఓపీ చీటీ పట్టుకోవడానికి జనం సిగ్గుపడేలా చేశాం. ఇంట్లో మనిషి నిద్రపోక, తినక, గోడలతో మాట్లాడుతున్నా, ఎవరైనా చూస్తారేమోనని నెలల తరబడి వాయిదా వేసే కుటుంబాలున్నాయి. ఇంకొక్క మాట కూడా చెప్పాలి. మానసిక జబ్బు వేరు, మేధో వైకల్యం వేరు. మొదటిది ఎవరికైనా ఏ వయసులోనైనా రావచ్చు, వైద్యంతో తగ్గవచ్చు. రెండోది జబ్బు కాదు, ఎదుగుదల నెమ్మదిగా సాగడం. తిట్ల బజార్లో రెండూ ఒకే గంపలో పడి, ఇద్దరికీ అన్యాయం జరుగుతోంది.

‘అయితే ఇక నవ్వుకోకూడదా?’ అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. ‘ఆంఖ్ మిచోలీ’ అనే హిందీ సినిమా మీద వచ్చిన కేసులో 2024 జూలైలో మన సుప్రీంకోర్టు దీని గురించి వివరంగా మాట్లాడింది. వైకల్యం ఉన్నవాళ్ళను కించపరిచే హాస్యం వేరు, వైకల్యాన్ని దగ్గరగా చూపించి అర్థం చేయించే హాస్యం వేరని తేడా చూపింది. స్పాస్టిక్ లాంటి మాటలు తెరమీద వాడడం మీద అభ్యంతరం చెప్పింది. మా కేంద్రంలో రోజూ నవ్వుల పంటే. మా పిల్లలు మమ్మల్ని అనుకరిస్తారు, ఒకరినొకరు ఏడిపించుకుంటారు. వాళ్ళతో కలిసి నవ్వే నవ్వుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చట్టం సంగతి కూడా తెలిసుండడం మంచిది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్న వ్యక్తిని నలుగురూ చూసే చోట కావాలని అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా కూడా. బళ్ళ విషయానికొస్తే 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. బెత్తం పక్కన పెట్టిన టీచర్లు మనకిప్పుడు చాలామంది ఉన్నారు. ఆ సెక్షన్‌లో రెండో సగం ఉందని గుర్తున్నవాళ్ళు తక్కువ.

పొగడ్త గురించి కూడా నాకు ఒక మాట ఉంది. మొద్దు అనడం తప్పయితే, ‘నువ్వు చాలా తెలివైనవాడివి’ అనడం ఒప్పవుతుందని అనుకుంటాం. అమెరికాలో క్లాడియా ముల్లర్, క్యారల్ డ్వెక్ అనే మనస్తత్వవేత్తలు ఐదో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన 1998లో వచ్చింది. ఒక పజిల్ ఆట అయ్యాక, కొందర్ని తెలివైనవాళ్ళని మెచ్చుకున్నారు, కొందర్ని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తెలివిని మెచ్చుకోగా విన్న పిల్లల్లో ఎక్కువమంది తర్వాత తేలికవాటినే ఎంచుకున్నారు. కష్టమైనది వచ్చి తప్పాక, వాళ్ళ ఆట మునుపటికంటే దిగజారింది. కష్టాన్ని మెచ్చుకోగా విన్నవాళ్ళలో ఎక్కువమంది గట్టివాటి మీదికి ఉత్సాహంగా వెళ్ళారు. మన కార్పొరేట్ కాలేజీల్లో ర్యాంకుల ప్రకారం సెక్షన్లు విడగొట్టి, పై సెక్షన్‌కు ఒక చూపు, కింది సెక్షన్‌కు ఒక చూపు పంచే పద్ధతి నడుస్తోంది. అక్కడ పైన కూర్చున్న పిల్లవాడు కూడా సుఖంగా లేడు. ఒక్క పరీక్ష తప్పితే తానెవరో తనకే తెలియని స్థితిలో ఉంటాడు. తెలివిని మనిషి విలువకు కొలమానం చేశాక, ఆ కొలత ఎవరినీ వదిలిపెట్టదు.

మా పిల్లలకు మేం ఏ పని నేర్పినా దాన్ని ముక్కలు చేస్తాం. చొక్కా గుండీ పెట్టుకోవడం అంటే మీకు ఒక్క పని. మాకు ఆరు మెట్లు. అంచు పట్టుకోవడం, కాజా వెతకడం, గుండీని నిలువుగా తిప్పడం, సగం దూర్చడం, అవతలి నుంచి రెండో చేత్తో అందుకోవడం, లాగడం. ఎవరైనా పిల్లవాడు ఆగిపోతే, ఏ మెట్టు మీద ఆగాడో కాగితం మీద టిక్కు పెడతాం. మర్నాడు ఆ ఒక్క మెట్టే చేయిస్తాం. గుండీని నిలువుగా తిప్పడం దగ్గర కొందరికి వారాలు పడుతుంది. వారాల తర్వాత వచ్చేస్తుంది. ఇందులో మంత్రమేమీ లేదు. ఈ పద్ధతి అందరి పిల్లలకూ పనికొస్తుంది. తీసివేతల లెక్కకూ, ఒత్తులు రాయడానికీ, ఇంట్లో పనికి కుదిరిన కొత్త అమ్మాయికి గ్యాసు పొయ్యి వెలిగించడం చూపడానికీ, ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి ఫైలు ఎలా కదపాలో చెప్పడానికీ. కోపం నోటిదాకా వచ్చినప్పుడు ‘బుర్ర లేదా?’ అనే చోట ‘ఎక్కడ ఆగింది?’ అని అడిగి చూడండి. అడగడానికి పట్టే సమయం రెంటికీ ఒకటే.

తల్లిదండ్రులకు చివరిగా ఒక సూచన. మీ అబ్బాయో అమ్మాయో ఇంటికొచ్చి, ‘క్లాసులో టీచర్ నన్ను మొద్దు అన్నారు’ అంటే, ‘నువ్వు చదవకపోతే అనరా మరి’ అని కొట్టిపారేయకండి. నోటుపుస్తకం తీసుకుని మర్నాడు బడికి వెళ్ళండి. ‘మేడం, వీడికి ఎక్కడ అర్థం కావడం లేదో చూపిస్తారా?’ అని మర్యాదగా అడగండి. చాలామంది టీచర్లు ఆ ప్రశ్నకు సర్దుకుని కూర్చుని చూపిస్తారు. ఒకే గదిలో రెండు తరగతులు నడుపుతూ అలిసిపోయి అన్న మాటే కావచ్చు అది. అయినా మార్పు లేకపోతే, ప్రభుత్వ బడి అయితే పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో ఈ విషయం పెట్టండి. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది మహిళలు ఉండాలని చట్టంలోనే రాసి ఉంది. ఫ్యాన్లు, మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం గురించి అక్కడ ఎలాగూ మాట్లాడుకుంటారు. పిల్లల్ని ఏ మాటలతో పిలుస్తున్నారన్నది కూడా ఆ జాబితాలో చేర్చండి. మీ బడిలో వైకల్యం ఉన్న పిల్లలుంటే, వాళ్ళ తల్లిని కూడా ఆ రోజు తప్పకుండా పిలవండి. పిలిచి, ముందు ఆమెను మాట్లాడనివ్వండి.